ఇరుసు మార్చుట



బండిచక్రము చెడినచో ఊడదీసి వేఱొకటి తొడుగవచ్చును. ఇరుసు అట్టిది కాదు. పైనున్న బరువును, క్రిందనున్న చక్రములను, ముందు నడచు ఎద్దుల మెడలను కలుపునది అదియే. దానిని మార్చినచో ఈ మూటికి గల పొత్తు మారిపోవును. ఈ సంగతి పర్చూరు ప్రాంతపు బండ్లయందును, దూరదేశముల మోటారు కార్లయందును ఎట్లు తెలియవచ్చినదో నేడు మనవి చేసెదను.

పర్చూరు నల్లరేగడి సీమలోని గ్రామము. పూర్వము గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగ ఏర్పడిన జిల్లాలో చేరి, 2022లో బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. జిల్లాలు మారినను నేల మారలేదు. వేసవిలో నెఱియలు విచ్చును. వాన కురిసినంతనే బంకయై చక్రమునకు చుట్టుకొనును. ఈ నేలమీద ప్రత్తిని, మిరపకాయలను, పొగాకును చేలనుండి ఇంటికిని, ఇంటినుండి చీరాల రైలు స్టేషనునకును చిరకాలము చేర్చినది ఒంగోలుజాతి ఎద్దులు లాగిన రెండు చక్రముల బండియే.

ఆ బండికి తుమ్మకఱ్ఱ చక్రములు. వాని చుట్టును ఎఱ్ఱగా కాల్చి బిగించిన ఇనుప పట్టా. ఇరుసు మొదట కఱ్ఱది, తరువాత ఇనుపది. ఇరుసు తిరుగదు, దాని కొనలమీద చక్రములు తిరుగును. కడసీల వానిని జాఱనీయదు. కందెన ఆఱిపోయినచో బండి వచ్చుచున్నదని పొలిమేరనుండియే ఊరివారికి తెలియును.

ఈ ఏర్పాటున ఒక గుణమును, ఒక దోషమును కలవు. ఇరుసు ఏకఖండము గనుక, ఎంత బరువు వేసినను రెండు చక్రములును ఒకదానికొకటి సమముగ నిలుచును. ఇది గుణము. ఒక చక్రము గాడిలో దిగినచో ఇరుసంతయు ఒరగును. దానితో బస్తాలును ఒరగును. ఇది దోషము. నడుమ స్ప్రింగులు లేవు గనుక బాటలోని దెబ్బ నొగ వెంబడి కాడికి, కాడినుండి ఎద్దుల మెడకు చేరును. సన్నని ఇనుప పట్టా బాటను కోయును. ఆ కోసిన గాడిలోనే వెనుక వచ్చు బండి దిగబడును.

1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బోయిడ్ డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల సైకిలుకు గాలి నింపిన రబ్బరు టైర్లు తొడిగెను. 1930 దశకము నాటికి మన దేశమున ఎద్దుబండ్లకును అట్టి టైర్లు వచ్చినవి. పాతబడిన మోటారు వాహనముల ఇరుసులను, చక్రములను తెచ్చి బండ్లకు అమర్చుటయు వాడుకయ్యెను. వెడల్పైన టైరు మెత్తని నేలలో తక్కువగా దిగును; బేరింగులమీద చక్రము తేలికగా తిరుగును. అవే ఎద్దులు మునుపటికంటె ఎక్కువ బరువును లాగగలిగినవి.

కాని ఇరుసు ఒక్కటియే మార్చిన చోట క్రొత్త చిక్కులు పుట్టినవి. టైరుచక్రము పాత కఱ్ఱచక్రముకంటె చిన్నది. అందుచేత ఇరుసు క్రిందికి దిగి, నొగ వాలు మారి, కాడి మెడమీద పడు తీరు మారును. ఇరుసుకును బండికిని నడుమ దిమ్మ వేసి ఎత్తు సరిచేయవలెను. బరువు ముందునకు గాని వెనుకకు గాని మొగ్గకుండ బండిని ఇరుసుపై జరుపవలెను. తేలికగా దొరలు బండి పల్లమున ఎద్దులను త్రోయును గనుక బ్రేకు కావలెను. ఇవి చేయనిచో లాభము యజమానికి, నష్టము ఎద్దులకు. 1970 దశకమున బెంగుళూరు మేనేజిమెంటు సంస్థకు డైరెక్టరుగ నుండిన ఎన్. ఎస్. రామస్వామి దేశమందలి ఎద్దుబండ్లను పరిశీలించి, మెడను గాయపఱచు కాడిని కూడ మార్చవలెనని గట్టిగా చెప్పిరి.

ఏకఖండమైన ఇరుసులోని దోషమును తొలగింపగోరి మోటారు నిర్మాతలు దానిని నడుమ ఖండించిరి. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన వోక్స్‌వాగన్ బీటిల్ కారు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. దాని ఇంజను వెనుక నుండును. నీటితో గాక గాలితో చల్లబడును. వెనుకనున్న గేరుపెట్టెకు ఇరుప్రక్కల రెండు సగపు ఇరుసులు పక్షి రెక్కలవలె అమరియుండును. ఒక చక్రము గుంటలో పడినను రెండవది కదలదు. దీనినే స్వింగ్ ఏక్సిల్, అనగా ఊగు ఇరుసు, అందురు.

అయితే సగపు ఇరుసునకు లోపలి కొననే కీలుండుటచే, చక్రము లేచినను దిగినను నిలువు తప్పి వాలును. వేగముగ మలుపు తిరుగునప్పుడు కారు వెనుకభాగము పైకి లేచినచో, బయటి చక్రము లోనికి ముడుచుకొని, టైరు అంచు మాత్రమే నేలను తాకును. ఇంజను బరువు వెనుకనే యుండుటచే కారు గిఱ్ఱున తిరుగవచ్చును. అమెరికాలో షెవర్లె సంస్థవారి కార్వేరు కారు సైతము ఇట్టిదే. 1965లో రాల్ఫ్ నాడర్ తన గ్రంథమున ఆ కారును తీవ్రముగ విమర్శించెను. ఆ ఏడాది నమూనాకే నిర్మాతలు వెనుక ఇరుసు ఏర్పాటును పూర్తిగ మార్చియుండిరి. 1972లో అమెరికా ప్రభుత్వ నివేదిక, తొలినాటి కార్వేరు తన కాలపు తక్కిన కార్లకంటె ఎక్కువ అపాయకరము కాదని తేల్చినది. ఐనను ఊగు ఇరుసుపై అనుమానము తొలగలేదు.

అమెరికాకు పంపు బీటిల్ కార్లకు 1969 నమూనానుండి ఒక్కొక్క సగపు ఇరుసునకు రెండేసి కీళ్లు వచ్చినవి. చక్రము పైకి క్రిందికి కదలినను దాని వాలు అంతగా మారదు. అప్పటినుండి పాత బీటిల్ గలవారిలో కొందఱు క్రొత్త ఇరుసులను తమ కారునకు అమర్చుకొనసాగిరి. కాని అది ఇరుసులతో తీరునది కాదు. గేరుపెట్టెలోని భాగములు వేఱు. మెలిదిరిగి స్ప్రింగువలె పనిచేయు కడ్డీల పొడవు వేఱు. చక్రమును పట్టు ఏటవాలు చేతులను నిలుపుటకు కారు చట్రమునకే క్రొత్త ఆధారములను అతుకవలెను. ఆ అతుకు వెండ్రుకవాసి తప్పినను చక్రములు సూటిగా నడువవు. బీటిల్ తయారీ 2003లో మెక్సికోలోని ప్యూబ్లా నగరమున ముగిసెను. పాత కార్లను కాపాడువారి చేతులలో ఈ పని నేటికిని సాగుచున్నది.

మన మద్రాసు నగరమున దీనికి సరిగా ఎదురుకథ నడచినది. అచ్చటి స్టాండర్డు మోటారు సంస్థ 1960 దశకమున ఇంగ్లండు నమూనాపై స్టాండర్డు హెరాల్డ్ కార్లను చేసెను. ఇంజను ముందుండి నీటితో చల్లబడునదైనను, దాని వెనుక ఇరుసు ఊగునదే. అది మన కొనుగోలుదార్లకును, మెకానిక్కులకును అంతగా నచ్చలేదు. తరువాత 1970 దశకపు ఆరంభమున వచ్చిన గెజెల్ కారునకు ఆ సంస్థ ఏకఖండమైన ఇరుసునే అమర్చెను. అమెరికాలో సగపు ఇరుసునకు కీళ్లు పెరిగినవి. మద్రాసులో ఉన్న కీళ్లు పోయినవి.

ఏది మేలని అడుగువారికి ఒక్క మాటలో బదులు చెప్పలేము. బాట ఏది, బరువు ఎంత, వేగమెంత, చెడినప్పుడు బాగుచేయువాడెవడు అని ముందుగా అడుగవలెను. కారు ఇరుసును తప్పుగా మార్చినచో మలుపులో అది కారు నడుపువానికే తెలియజేయును. బండి ఇరుసును తప్పుగా మార్చినచో ఆ సంగతి తెలియునది ఎద్దునకు. అది నోరులేని జీవము. కావున బండి సిద్ధమైనదని సంతసించుటకు ముందు కాడిని ఎత్తి, దాని క్రింది మెడను ఒక్కసారి తడిమి చూడవలెను.