ఉక్కు నుంచి సాఫ్ట్‌వేర్ దాకా: వెంచర్ క్యాపిటల్ అంటే ఏమిటి?

జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్‌లో గానీ, హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో గానీ సాఫ్ట్‌వేర్ సంస్థను ప్రారంభించదలచిన యువతకు ఎదురయ్యే తొలి ప్రశ్న మూలధనం. ఉక్కునగరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీకి లండన్ మార్కెట్లో పెట్టుబడి లభించలేదు. స్వదేశంలో వాటాలు విక్రయించగా, మూడు వారాల్లో సుమారు 8,000 మంది భారతీయులు మూలధనం సమకూర్చారు. తొలి ఉక్కు 1912లో వెలువడింది.

కర్మాగారానికి భూమి, యంత్రాలు ఉంటాయి. వాటి తనఖాపై బ్యాంకులు రుణమిస్తాయి. సాఫ్ట్‌వేర్ సంస్థకు ఉన్న ఆస్తి ప్రధానంగా కోడ్, ఇంజినీర్ల నైపుణ్యం. ఈ లోటును పూరించేదే వెంచర్ క్యాపిటల్. ఇది అప్పు కాదు, వాటా కొనుగోలు. సంస్థ విఫలమైతే మదుపరి సొమ్ము పోతుంది. ఒకటి రెండు ఘనవిజయాలే మిగిలిన నష్టాలను పూడ్చాలి. కనుకనే ఈ ఫండ్లు నిలకడైన చిన్న లాభం కన్నా వేగవంతమైన విస్తరణను కోరుతాయి.

2012 నాటి సెబీ నిబంధనల ప్రకారం ఇటువంటి ఫండ్‌లో చేరే మదుపరి సాధారణంగా కనీసం కోటి రూపాయలు పెట్టాలి. 1907లో వలె సామాన్యులు నేరుగా పాల్గొనే వీలు తక్కువ.

వ్యవస్థాపకులు గ్రహించవలసిన లెక్క ఒకటుంది. రెండు విడతల్లో 20 శాతం చొప్పున కొత్త వాటాలు జారీచేస్తే, వారికి మిగిలేది 60 శాతం కాదు, 64 శాతం. అయితే ఒప్పందంలో మదుపరికి తొలి చెల్లింపు హక్కు ఉంటే వాటా శాతం ఒక్కటే చాలదు. రెండు కోట్ల పెట్టుబడి పొందిన సంస్థ కోటిన్నరకు అమ్ముడైతే, ఆ మొత్తమంతా మదుపరికే చెందవచ్చు.

హైదరాబాద్‌లో అంకుర సంస్థలకు ఊతమిచ్చే టీ-హబ్‌ను 2015 నవంబరు 5న ప్రారంభించినది రతన్ టాటా. ఆయన ఉద్యోగ జీవితపు తొలినాళ్లు గడిచినది జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలోనే. అదే ఏడాది హైదరాబాద్‌లో ఆరంభమైన డార్విన్‌బాక్స్, సిబ్బంది నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో 2022లో వంద కోట్ల డాలర్ల విలువను దాటింది.

కృత్రిమ మేధ ఇప్పుడు కోడ్ రాసే వ్యయాన్ని తగ్గిస్తోంది. తొలి నమూనాను చిన్న బృందమే రూపొందించగలుగుతోంది. కానీ పోటీదారుకూ అదే సౌలభ్యం ఉంది. ఇకపై సంస్థకు విలువ తెచ్చేది కోడ్ కన్నా వినియోగదారుల నమ్మకం, ఒక రంగంపై లోతైన అవగాహన. కర్మాగారపు పనితీరు ఎరిగిన ఉక్కునగర యువతకు ఇది అనుకూలాంశమే. వినియోగదారుల చెల్లింపులతోనే సంస్థ నడిచే చోట, వాటా అమ్మడానికి తొందర అవసరం లేదు.