గాజు పెట్టెలో చీకటి మూల

పంతొమ్మిదో శతాబ్దం నడిమి రోజుల్లో లండన్ జూలో ఒక బోవా పాము తన పెట్టెలో వేసిన ఉన్ని కంబళిని మింగేసింది. దాదాపు నెల రోజులు కడుపులో ఉంచుకుని ఆ తర్వాత కక్కేసింది. ఆ కథ విన్నవాళ్లంతా మింగిన వింత దగ్గరే ఆగిపోతారు. అసలు పాము పెట్టెలోకి కంబళి ఎందుకొచ్చింది? వేడి దేశం నుంచి తెచ్చిన ప్రాణి లండన్ చలికి తట్టుకోలేదని జాలిపడి వేశారు. కంబళి చేసే పనల్లా ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పోనివ్వకపోవడం. పాము ఒంట్లో ఆ వేడే పుట్టదు. గుడ్లు పొదిగే కొండచిలువది వేరే సంగతి. అది పొదిగేటప్పుడు ఒళ్లు చుట్టూ ఉన్న గాలికన్నా వెచ్చగా ఉంటుందని పారిస్‌లో వలాన్సియెన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1841లోనే నమోదు చేశాడు. మిగతా పాములకు కంబళి కప్పడమంటే చల్లని రాయికి దుప్పటి కప్పడమే. అయినా అవి దాని కిందికే దూరేవి. వాటికి కావలసింది వెచ్చదనం ఒక్కటే అయితే ఆ కంబళిలో అది లేదు. ఉన్నవి రెండే: చీకటి, ఒంటికి అన్ని వైపులా ఏదో ఒకటి ఒత్తుకుంటూ ఉండే ఇరుకు. మనిషి వెచ్చదనం అనుకుని ఇచ్చినదాన్ని పాము దాపుగా వాడుకుంది. బందీ పాముకు మనిషి అమర్చిన ఇంటి చరిత్ర మొత్తం ఈ పొరపాటు చుట్టూనే తిరిగిందనీ, చూసేవాళ్ల కంటికి అడ్డంగా ఉందని పక్కకు నెట్టిన ఆ చీకటి మూలే పాముకు అన్నిటికన్నా ముందు కావలసిన సామాను అనీ నా వాదన.

ఆ మూల అంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందో తెలియాలంటే గాజు సంగతి చూడాలి. 1829లో నథానియల్ వార్డ్ అనే లండన్ వైద్యుడు మూతపెట్టిన సీసాలో ఒక చిమ్మట ప్యూపాను పెట్టి, అందులోని తడిమట్టిలో ఫెర్న్ మొలక లేవడం గమనించాడు. బొగ్గుపొగ నిండిన ఊళ్లో బయట బతకని మొక్క గాజు లోపల బతికింది. ఆ సంగతిని ఆయన 1842లో పుస్తకంగా అచ్చు వేయించాడు. 1845లో బ్రిటన్ గాజు మీద సుంకం ఎత్తేసింది. గాజు చవకైంది, మధ్యతరగతి ఇళ్ల ముందు గదుల్లోకి ఫెర్న్‌ల పెట్టెలు వచ్చాయి, వాటి వెనకే చేపల తొట్లు, బల్లుల పెట్టెలు, పాముల పెట్టెలు వచ్చాయి. 1849లో లండన్ జూ సరీసృపాల కోసం ఒక ఇల్లు తెరిచింది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిదని చెబుతారు. శతాబ్దం చివరికల్లా, 1897లో, గ్రెగరీ బేట్‌మన్ అనే మతబోధకుడు ఇంట్లో పాముల్నీ కప్పల్నీ పెంచుకునేవాళ్ల కోసం లావుపాటి పుస్తకమే రాశాడు. మొక్కకు గాజు పెట్టె వరమైంది, ఎందుకంటే మొక్కకు వెలుతురు కావాలి. అదే పెట్టెను పాముకు ఇచ్చినప్పుడు దాని బతుకుకు ఎదురైనదాన్నే ఇచ్చారు. నాలుగు వైపులా వెలుతురు, ఎటు తిరిగినా చూసే కళ్లు. అంతకు ముందు పాము యూరప్‌వాళ్లకు ఎక్కువగా కాగితం మీదే తెలుసు. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో వెలువరించిన కోరమాండల్ తీరపు పాముల పుస్తకంలో కాటుక రేకుల పొడ లాంటి మన పేర్లే ఉన్నాయి. కాని బొమ్మల్లో పాము తెల్లకాగితం మీద ఒంటరిగా పడుకుని ఉంటుంది, పక్కన గడ్డిపోచ కూడా ఉండదు. శాస్త్రానికి అలాంటి బొమ్మే కావాలి, తప్పు లేదు. ఆ బొమ్మను చూసే అలవాటుతోనే గాజు పెట్టెను కూడా చూశారని నాకనిపిస్తుంది.

ఈ అలవాటును మొదట గట్టిగా కదిలించింది జోన్ ప్రాక్టర్. 1923లో, పాతికేళ్ల వయసుకే, లండన్ జూ సరీసృపాల విభాగానికి క్యురేటర్ అయింది. అంతకు ముందు ఏ ఆడమనిషికీ దక్కని పదవి అది. 1924లో తెరిచిన అక్వేరియానికి కృత్రిమ రాళ్ల అమరిక ఆమెదే. ఆ తర్వాత ఎడ్వర్డ్ గై డాబర్ అనే వాస్తుశిల్పితో కలిసి కొత్త సరీసృపాల ఇల్లు కట్టించింది. 1927లో తెరిచారు. ఆ ఇంట్లో వెనకగోడల మీద అడవులూ ఎడారులూ చిత్రించిన తెరలున్నాయి. వాటిని చూసి అది నాటకరంగం సెట్టింగు అనేయడం తేలిక. పాముకు ఆ చిత్రాలతో పని లేదు, నిజమే. కాని ఆ అలంకారంతో పాటు మరి మూడు ఏర్పాట్లు వచ్చాయి. మొత్తం పెట్టెను ఒకే తీరున వేడెక్కించకుండా చోటుచోటుకూ తేడాగా విద్యుత్ వేడి ఇచ్చారు. మామూలు గాజు అడ్డగించే అతినీలలోహిత కిరణాలను లోపలికి వదిలే ప్రత్యేకమైన గాజు బిగించారు. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం: జనం నడిచే దారిని మసకగా ఉంచి, దీపాలను పెట్టెల వైపు పెట్టారు. అక్వేరియంలో చేపలకు చేసిన పద్ధతే. చూసేవాడికి పాము స్పష్టంగా కనిపిస్తుంది, పాముకు చూసేవాడు అంతగా కనిపించడు. జంతువును దాచడం కుదరనప్పుడు మనిషిని దాచవచ్చు అన్న ఆలోచన అందులో ఉంది. రాళ్లు వట్టి అలంకారమే కదా అనేవాళ్లకు కుబుసం సంగతి గుర్తు చేయాలి. పాము మూతిని గరుకు రాయికి రాసి రాసి, పెదవి దగ్గర పొర లేచాక దాన్ని ఏదో ఒక అంచుకు తగిలించి, మేజోడు తిరగేసినట్టు లోపలినుంచి బయటికి పాకుతుంది. నున్నటి గాజూ నున్నటి నేలా తప్ప ఏమీ లేని, గాలి పొడిబారిన పెట్టెలో ఆ కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కళ్ల మీది పొర అక్కడే అంటుకుపోతుంది. అందం కోసం పెట్టిన రాయి అక్కడ పాము చేతిలో పనిముట్టు. ప్రాక్టర్ 1931లో, 34 ఏళ్లకే, చనిపోయింది.

శాస్త్రం ఆ దారిలోనే కొంత వెనకగా వచ్చింది. ఎడారి సరీసృపాలు ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూ తమ ఒంటి వేడిని తామే సరిచూసుకుంటాయని కౌల్స్, బోగర్ట్ అనే శాస్త్రవేత్తలు 1944లో చూపించారు. స్విట్జర్లాండ్‌లో జూలు నడిపిన హైని హెడిగర్ 1942లో రాసిన పుస్తకంలో, బందీ జంతువుకు చోటు ఎంత ఉందన్నది కాదు, ఎలాంటి చోటు ఉందన్నది లెక్క అని వాదించాడు. శత్రువు ఇంత దగ్గరికి వస్తే పారిపోవాలి అన్న కొలత ప్రతి జంతువుకూ ఉంటుందనీ, పారిపోవడానికి తావు లేని బోనులో ఆ జంతువు ఎప్పుడూ పారిపోవాల్సిన స్థితిలోనే బతుకుతుందనీ ఆయన మాట. ఈ రెంటినీ కలిపి చూస్తే పాము పెట్టెలో సామాను అంటే ఏమిటో తేలిపోతుంది. ఒక చివర వేడి, ఇంకో చివర చల్లదనం, రెండు చోట్లా దాక్కునే గూడు. గూడు ఒక్క చోటే ఉంటే పాము ఏం చేస్తుంది? చలిలో దాక్కోవాలా, వెచ్చగా బయట పడుకోవాలా అని రెంటిలో ఒకటి వదులుకుంటుంది. చాలాసార్లు వెచ్చదనాన్నే వదులుకుని, తిన్నది అరగక బాధపడుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం పాములతో వ్యాపారం చేసేవాళ్ల నుంచి వచ్చింది. 1992లో అమెరికాలో బాబ్ క్లార్క్ అనే పాముల పెంపకందారు దగ్గర బాల్ పైథాన్ అనే కొండచిలువకు తెల్లని పిల్లలు పుట్టాక రంగురంగుల పాముల కోసం వెర్రి మొదలైంది. వాటిని పెంచింది బీరువా సొరుగుల్లాంటి ప్లాస్టిక్ డబ్బాల్లో: అడుగున వార్తాపత్రిక, ఒక నీళ్ల గిన్నె, అంతే. ఆ సొరుగుల్లో పాములు తిన్నాయి, పెరిగాయి, గుడ్లు పెట్టాయి. మరి మీ రాళ్లూ కొమ్మలూ ఎందుకు అని వాళ్లు అడిగారు. ఆ మాటను కొట్టిపారేయకూడదు. సొరుగు చీకటిగా, ఇరుకుగా ఉంటుంది. వెలుతురు నిండిన గాజు పెట్టెలో మేత ముట్టని పాము సొరుగులో తిన్నదంటే అది నా వాదననే బలపరుస్తుంది. కాని తిని గుడ్లు పెట్టినంత మాత్రాన బతుకు నిండుగా ఉన్నట్టు కాదు. 2006లో ఆల్మ్‌లీ, బర్గ్‌హార్ట్ అనే పరిశోధకులు ఒక జాతి ఎలుకపాములను కొన్నిటిని ఖాళీ పెట్టెల్లో, కొన్నిటిని సామాను అమర్చిన పెట్టెల్లో పెంచి పరీక్షించారు. సామాను మధ్య పెరిగినవి కొత్త చోటుకు తొందరగా అలవాటుపడ్డాయి, పరీక్షగా ఇచ్చిన పనిని తొందరగా చేశాయి. సొరుగు పాముకు దాపు ఇస్తుంది, ఎంచుకునే వీలు ఇవ్వదు. మన పాములవాడి బుట్టలోనూ చీకటి ఉంది, ఇరుకు ఉంది. కాని కోరలు పీకేసిన ఆ నాగుపాముకు అందులోంచి తనంతట తాను బయటికొచ్చే దారి లేదు. బయటికి దారి లేని చీకటిని దాపు అనలేం.

ఇంకో అభ్యంతరం కీపర్లది, అది ప్రాణాల మీది మాట. 1852లో లండన్ జూ కీపర్ గర్లింగ్ నాగుపాము కాటుకు చనిపోయాడు. పెట్టె ఎంత ఖాళీగా ఉంటే పాము ఎక్కడుందో అంత స్పష్టంగా తెలుస్తుంది, మూలమూలకీ గూడు పెడితే చెయ్యి ఎక్కడ పెట్టాలి? ఈ భయానికి జవాబు దాపును తీసేయడంలో దొరకలేదు, దాపుకు తలుపు పెట్టడంలో దొరికింది. విషసర్పాల పెట్టెల్లో ఇప్పుడు జారుడు తలుపున్న చిన్న గూడు పెడతారు. పాము తనంతట తానే అందులో చేరుతుంది, కీపర్ బయటినుంచి తలుపు మూసి, తీరిగ్గా పెట్టె శుభ్రం చేసుకుంటాడు.

ఈ విషయం తెలిసినవాళ్లు మనకు దగ్గరలోనే ఉన్నారు. చెన్నైకి దక్షిణాన, మహాబలిపురం దారిలో, పాముల నిపుణుడు రోములస్ విటేకర్ సాయంతో, పాములు పట్టే ఇరుళ తెగవాళ్లు 1978లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పట్టిన పాముల విషం తీసి, విషానికి విరుగుడు మందు చేసేవాళ్లకు అమ్మి, సుమారు మూడు వారాలకు పాముల్ని వదిలేస్తారు. ఆ మూడు వారాలూ పాము ఉండేది మట్టికుండలో. సగానికి ఇసుక, మూతికి గుడ్డతో వాసెన. మట్టి ఊపిరి పీలుస్తుంది, ఎండలోనూ లోపల చల్లగా ఉంటుంది, పాము చుట్టలు కుండ గోడకు ఆనుకుని ఉంటాయి. చూసేవాడికి అందులో ఏమీ లేదు. తరతరాలుగా పాముల మీద బతికినవాళ్లు పాముకు ఇచ్చిన ఇల్లు అది. కొద్దిరోజులకే సరిపోయే ఇల్లు, జీవితాంతానికి కాదు. అయినా పుట్ట తర్వాత పుట్ట లాంటిది అదే. చీమలు పెట్టిన పుట్టలో పాము చేరినట్టు అన్న సామెతను మనం దోపిడీ గురించి వాడతాం. పుట్ట పెట్టేవి చీమలు కాదు, చెదలు. ఆ సంగతి అలా ఉంచితే, సామెత వెనక మంచి పరిశీలనే ఉంది. నాగుపాము తన ఇల్లు తాను కట్టుకోదు. ఎవరో కట్టి వదిలేసినదాన్నో, ఎలుక తవ్విన కలుగునో వెతుక్కుంటుంది. కాబట్టి ఇంకొకరు అమర్చిన ఇంట్లో ఉండటం పాముకు కొత్త కాదు. ఆ ఇల్లు పుట్టలా ఉందా, దుకాణం అద్దాల బీరువాలా ఉందా అన్నదే దానికి తేడా.

అసలు పాముల్ని ఎందుకు బంధించాలి అనేవాళ్లూ ఉన్నారు. ఇళ్లలో పెంచుకోవడం వరకు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ప్రశ్నకు జవాబు చెప్పేసింది, ఆ జవాబు సరైనదే. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు లాంటి చోట్ల మాత్రం సరీసృపాల ఇళ్లున్నాయి, ఉంటాయి. అక్కడికి వచ్చేవాళ్ల ఫిర్యాదు ఒకటే: టికెట్ కొని వస్తే పాము కనపడలేదు. పిల్లలు అద్దం మీద కొడతారు, పెద్దలు వద్దనరు. ఆ దెబ్బ గాజు గుండా, నేల గుండా పాము దవడ ఎముకలకు అందుతుంది. దీనికీ ఒక ఏర్పాటు ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు. ఒక వైపు గోడ లేని గూడును అద్దానికి ఆనించి పెట్టాలి. పాముకు పైకప్పు ఉంటుంది, వీపుకు గోడ తగులుతుంది, అద్దం మీద చుట్టల పొలుసులు చూసేవాడికి అంగుళం దూరంలో కనిపిస్తాయి. జనం నిలబడే చోట దీపాలు తగ్గించాలి, ప్రాక్టర్ 1927లో చేసినట్టు.