వీధిబడిలో వీసం లెక్క

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరికీ ఒక తాఖీదు పంపించమన్నాడు. మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులాల వాళ్లు, ఏం చదువుతున్నారు, లెక్క కట్టి పంపండి అని. చాలామంది పట్టికలు నింపి ఊరుకున్నారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మాత్రం అంకెలతో ఆగలేదు. అప్పటికే, 1816లోనే, తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించిన మనిషి ఆయన. 1823 ఆగస్టు 17న ఆయన పంపిన నివేదికలో వీధిబడి పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఎలా నడిచేదో కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే. మొత్తం బడులు 533. వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226. పిల్లలు 6,641 మంది. అంటే ఒక్కో అయ్యవారి దగ్గర సగటున పన్నెండు పదముగ్గురు. గుడి మంటపమో, ఎవరి ఇంటి అరుగో బడి. సర్కారు డబ్బు పైసా లేదు. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చిందే అయ్యవారికి ఆదాయం. దసరా వస్తే పిల్లలు విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పద్యాలు పాడి ఆయనకు కానుకలు పోగుచేసేవారు.

ఐదో ఏట అక్షరాభ్యాసం. విఘ్నేశ్వరుడి ముందు కూర్చోబెట్టి, పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో రాయించేవారు. ఆ తర్వాత చాలాకాలం ఇసుకే పుస్తకం. వేలితో దిద్దడం, చెరపడం, మళ్లీ దిద్దడం. చెయ్యి తిరిగాక పలకా, కడతమూ వచ్చేవి. గుడ్డకు అన్నపు గంజి, బొగ్గుపొడి పట్టించి మడతలు పెట్టిన పుస్తకం కడతం. దానిమీద బలపంతో రాసి, తుడిచి, మళ్లీ రాసుకోవచ్చు. కాగితం కొనలేని ఇంట్లోనూ చదువు ఆగకుండా చేసిన ఉపాయం అది.

తెల్లవారుతూనే బడి మొదలు. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి పెరుగుతూ పోయేది. సోమరిపోతులను చేతులు కట్టి దూలానికి వేలాడదీసేవారు. తెలుగువాళ్లు ‘కోదండం’ అని చెప్పుకునే శిక్ష ఇదే. పసివాళ్ల మీద ఇంత క్రూరత్వానికి ఏ సమర్థనా లేదు. వీధిబడిని తలుచుకుని మురిసిపోయేవాళ్లు ఈ భాగాన్ని దాటవేయడం న్యాయం కాదు.

ఇక ఆ బడిలో నేర్పిందేమిటి? గుణింతాలు, ఒత్తులు వచ్చాక మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు రాయించేవారు. తర్వాత లెక్కలు. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, డబ్బు మార్పిడి, కొలతలు. వీటిలో భిన్నాల మీద పెట్టిన శ్రమను క్యాంబెల్ ప్రత్యేకంగా రాశాడు. ఆ భిన్నాలు పదేసి వంతులుగా కాక నాలుగేసి వంతులుగా దిగేవి. ఒకటిలో నాలుగో వంతు పాతిక, పాతికలో నాలుగో వంతు వీసం, అక్కడినుంచి ఇంకా కిందికి. రూపాయికి పదహారు అణాలైన కాలంలో వీసం అంటే అణా, పాతిక అంటే పావలా. ఎక్కం వచ్చినవాడికి బజారు లెక్క విడిగా నేర్పే పనే లేదు. ధాన్యం కొలతలూ అంతే. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కళ్లంలో కౌలు గింజలు కొలుస్తుంటే పక్కన నిలబడిన పిల్లవాడు నోటితోనే లెక్క సరిచూడగలిగేవాడు. ఈ పట్టికలన్నీ రోజుకు రెండుసార్లు వరసలో నిలబడి, పెద్దపిల్లవాడు ఒకడు చెబుతుంటే అందరూ వల్లించాలి.

అంతకంటే గొప్ప పాఠం మరొకటి ఉంది. అయ్యవారు అక్కడా ఇక్కడా అడిగి రకరకాల చేతిరాతల్లో ఉన్న ఉత్తరాలు, సర్కారు కాగితాలు పోగుచేసేవాడు. గొలుసుకట్టు రాతైనా, కోడిగీతలైనా పిల్లలు విప్పి చదవాలి. పై తరగతి వాళ్లు మామూలు ఉత్తరాలు, ఒప్పంద పత్రాలు స్వయంగా రాయాలి. కరణం రాసిన కాగితాన్ని కరణమే చదివి చెబితే తప్ప తెలియని ఊళ్లో, తన పొలం కాగితం తాను చదవగలగడం ఒక రైతుబిడ్డకు ఎంత బలమో ఊహించవచ్చు.

లోపాలనూ క్యాంబెల్ దాచలేదు. గ్రాంథికంలో ఉన్న పద్యాలను పిల్లలు కంఠతా పట్టేవారే కానీ అర్థం తెలిసేది కాదని రాశాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెబుతూ తమ చదువునూ గట్టి చేసుకునే పద్ధతిని మాత్రం మనసారా మెచ్చుకున్నాడు. అది అప్పటికే సముద్రం దాటింది కూడా. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమం చూసుకున్న ఆండ్రూ బెల్, దేశీ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, దాన్నీ, పెద్దపిల్లలతో చిన్నవాళ్లకు చెప్పించడాన్నీ తన ఆశ్రమంలో పెట్టాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. ఇంగ్లండులో పేదపిల్లల బడుల్లోకి అది ‘మద్రాసు పద్ధతి’గా వెళ్లింది.

ఎవరు చదివారన్నది కూడా చూడాలి. హిందూ మగపిల్లల్లో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174. ముస్లిం మగపిల్లలు 243. చదువంతా అగ్రహారంలోనే ఉండేదన్న మాట ఈ అంకెల ముందు నిలవదు. కానీ మొత్తం 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మందే. జిల్లా జనాభా తొమ్మిది లక్షలు దాటిన కాలమది. ఊరి చివరి వాడల పిల్లల్లో చాలామందికి అరుగు మీద చోటు ఉండేది కాదు. బతకడానికి పనికొచ్చే చదువు బతుకు భారం ఎక్కువున్నవాళ్లకే అందలేదు.

క్యాంబెల్ నాటికే బడులు మూతపడుతున్నాయి. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి ఇక్కడి నేతగాళ్ల బతుకు కూలిందని, ఫీజు ఇచ్చే స్తోమత జనానికి పోయిందని తన పై అధికారులకే ఆయన నేరుగా రాశాడు. మన్రో తాలూకా కేంద్రాల్లో సర్కారు బడులు పెట్టించే ప్రతిపాదన చేసి, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. తర్వాత వచ్చిన సర్కారు చదువుకు పరీక్షే గమ్యమైంది. తలుపు క్రమంగా అందరికీ తెరుచుకుంది. లోపల మాత్రం ఉత్తరాల కట్టా, కుంచం లెక్కా పక్కకు జరిగాయి.

చదువును మళ్లీ బతుకుకు దగ్గర చేయాలని చేతిపనిని అందులోకి తెచ్చే ప్రయత్నాలు జరగకపోలేదు. బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల అందులో ముందుది. 1937 అక్టోబరులో వార్ధా సభలో గాంధీ బునియాదీ విద్యను ప్రతిపాదించాడు. నూలు వడకడంలోనే లెక్కలూ, భూగోళమూ నేర్పాలన్నది జాకీర్ హుస్సేన్ కమిటీ ప్రణాళిక. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బడుల వేళలు కుదించి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోమన్నాడు. చాకలి కొడుకు చాకలిగానే ఉండాలా అని జనం తిరగబడ్డారు, తిరగబడటం సబబే. మరుసటి ఏడే ఆ పథకం రద్దయింది. ఆ చేదు అనుభవం తర్వాత ప్రాథమిక బడిలో పని నేర్పుదామన్న మాటకు కులవృత్తి వాసన అంటుకుంది. వీధిబడి మాత్రం ఎవరికీ కులవృత్తి నేర్పలేదు. ఏ వృత్తివాడికైనా కావలసిన లెక్కా, రాతా నేర్పింది.

1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి, వెనకే కిలోలు, లీటర్లు. వీసం ఎక్కం అవసరం తీరింది. కానీ కాగితం చదవాల్సిన అవసరం తీరలేదు. కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌పుస్తకం, పురుగుమందు డబ్బా మీది చీటీ, పట్టాదారు పుస్తకం ఇవాళ చాలా ఇళ్లల్లో ఉన్నాయి. ఐదో తరగతి గదిలో వీటిని పాఠంగా పెట్టడానికి ఖర్చేమీ లేదు. 2020 జాతీయ విద్యావిధానం వడ్రంగి, కుమ్మరి, తోటమాలి దగ్గర పిల్లలు పని చూసి నేర్చుకోవడానికి పుస్తకాల సంచి లేని పది రోజులు కేటాయించింది. అవి 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. బళ్ళారి పిల్లవాడు దాదాపు ఆ వయసుకే ఒప్పంద పత్రం రాసేవాడు.