సాతాను వేరు, సైతాన్ వేరు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చెడుకు మూడు పేర్లు వినిపిస్తాయి: దయ్యం, సాతాను, సైతాన్. దయ్యం ఊరి సొంత మాట. దైవానికి అది వికృతి అని బళ్లో ప్రకృతి వికృతులు వల్లెవేసిన వాళ్లందరికీ తెలుసు. సాతాను చర్చి మాట, తెలుగు బైబిలు పాదుకొల్పిన మాట. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసన్ 1890లో నల్లగొండలో మిషన్ కేంద్రం పెట్టాడు. మహబూబ్‌నగర్‌లో అమెరికన్ బాప్టిస్టులు నడిపిన కేంద్రం 1937లో మెన్నోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చింది. ఈ నేలమీద సాతాను వయసు కాస్త అటూఇటూగా అంతే. సైతాన్ అంతకంటే చాలా పాతకాపు. బహమనీల దండుతో, గోల్కొండ కచేరీలతో, సంతల్లో దక్కనీ మాట్లాడే బేరగాళ్లతో, గుట్టలెక్కి కూచున్న ఫకీర్లతో వచ్చి తెలుగు నోట్లో నానాడు. సాతాను, సైతాన్ రెండింటికీ మూలం ఒక్కటే. అడ్డుపడేవాడు, ఎదిరి అనే అర్థమున్న సెమిటిక్ ధాతువది. మాట ఒకటే కాబట్టి వాడూ ఒకడే అనుకోవడంలోనే అసలు చిక్కు ఉంది. ఇస్లాం గురించి తెలుగులో రాసేవాళ్లూ చదివేవాళ్లూ సైతాన్ పేరు కనబడగానే దేవుడితో యుద్ధానికి దిగిన చీకటి రాజునో, ఒంట్లోకి దూరే పిశాచాన్నో ఊహించుకుంటారు. ఖురాన్ చెప్పే సైతాన్ రాజూ కాదు, పిశాచమూ కాదు. వాడి చేతిలో ఉన్నది ఒక్క మాట మాత్రమే.

కథ చూస్తే ఇది తేటపడుతుంది. ఖురాన్‌లో అది ఒకచోట కాదు, చాలా అధ్యాయాల్లో చిన్నచిన్న మార్పులతో వస్తుంది. దేవుడు మట్టితో ఆదమ్‌ను చేసి, అతనికి సాష్టాంగపడమని దేవదూతలను ఆదేశిస్తాడు. అందరూ వంగుతారు, సైతాన్‌గా మారబోయే ఇబ్లీస్ వంగడు. నేను నిప్పుతో పుట్టాను, వీడు మట్టితో పుట్టాడు, నేనెందుకు వంగాలన్నది వాడి వాదన. పుట్టుకను బట్టి ఎక్కువ తక్కువలు లెక్కగట్టిన మొదటి వాడు వాడేనని ముస్లిం వ్యాఖ్యాతలు ఎత్తిచూపుతూ వచ్చారు. కులం లెక్కలు తెలిసిన మన పాఠకుడికి ఈ ముక్క విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ స్వర్గంలో యుద్ధం జరగలేదు, కత్తులు దూయలేదు. జరిగింది ఒక నిరాకరణ, దాని మీద ఒక వాగ్వాదం. గెంటివేత తర్వాత వాడు ప్రళయదినం దాకా గడువు అడుగుతాడు, దేవుడు ఇస్తాడు. మనుషుల ముందునుంచి, వెనకనుంచి, కుడినుంచి, ఎడమనుంచి వస్తానని వాడు చెప్పుకుంటాడు. పైనుంచి, కిందనుంచి అనడు. ఆ రెండు దిక్కులూ ప్రార్థనకూ సాష్టాంగపడే సజ్దాకూ మిగిలాయని తర్వాతి బోధకులు చమత్కరించారు. ఖురాన్‌లో పండు తిన్న తప్పు హవ్వ ఒక్కదాని నెత్తిన పడదన్నది కూడా గమనించాలి. జారింది ఇద్దరూ, పశ్చాత్తాపపడిందీ ఇద్దరూ. క్షమాపణ వెంటనే దొరికింది కాబట్టి తరతరాలు మోయాల్సిన పాపం మూట ఏదీ మిగలలేదు.

మరి ఈ గడువు పొందినవాడికి ఉన్న బలం ఎంత? పద్నాలుగో అధ్యాయంలో తీర్పు రోజున సైతాన్ నోటనే జవాబు చెప్పించారు. నాకు మీమీద ఏ అధికారమూ లేదు, నేను పిలిచాను, మీరు వచ్చారు, నన్ను కాదు, మిమ్మల్ని మీరే నిందించుకోండన్నది ఆ జవాబు సారాంశం. నేరస్తుల పక్కన నిలబడ్డ తోడుదొంగ చేతులెత్తేసిన తీరు అది. వాడి పనికి అరబ్బీలో వస్వసా అని పేరు. గుసగుస, చెవిలో ఊదడం అని అర్థం. మన పురాణంలో దీనికి ఎదురుగా పెట్టి చూడదగ్గ కథ నలుడిది. కలి పన్నెండేళ్లు కాచుకుని, కాళ్లు కడుక్కోవడంలో నలుడు ఏమరిన క్షణంలో అతనిలో దూరతాడు. ఆ తర్వాత పాచికలు వేసింది నలుడా, కలియా అన్న ప్రశ్నకు చోటుంటుంది. నలుడిని జాలిగా చూస్తాం. ఇస్లామ్‌లో ఆ వెసులుబాటు లేదు. పాచిక వేసిన చెయ్యి వేసినవాడిదే. సైతాన్ ఛాయ పడిందనిపించినప్పుడు పెద్దవయసు ముస్లింలు విసుగ్గా అనే ‘లాహౌల్’ మాటనే తీసుకోండి. దేవుడి వల్ల తప్ప ఎవరికీ ఏ శక్తీ లేదని దాని పూర్తి అర్థం. తరిమే మంత్రమే తరమబడేవాడికి బలం లేదని చెబుతోంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. జాన్‌పహాడ్‌కో, జహంగీర్ పీర్ దర్గాకో పోయి చూస్తే కళ్లకు కనిపించేది వేరు కదా? పాత నల్లగొండ జిల్లాలో, ఇప్పటి సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ సైదుల దర్గా ఉంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలం ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీర్ దర్గా ఉంది. జనవరి ఉర్సుల్లో రెండుచోట్లా హిందువులూ ముస్లింలూ కలిసి గంధం మోస్తారు, కందూరు చేస్తారు. నల్లగొండ పట్నానికి లతీఫ్ సాహెబ్ గుట్ట ఉండనే ఉంది. కోదాడ, హుజూర్‌నగర్ వైపు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లున్న హిందువులు ఎందరో. మొక్కు చెల్లించి పెట్టుకున్న పేర్లవి. ఇట్లాంటి చోట్లకే గాలి సోకిందన్న పిల్లలనూ దయ్యం పట్టిందన్న ఆడవాళ్లనూ తెస్తారు. ముజావర్ ఊదు వేస్తాడు, ఏదో చదివి ఊదుతాడు, తాయెత్తు కడతాడు. ఒంట్లో దూరేవాడు సైతాన్ కాకపోతే ఈ తతంగమంతా ఎవరి మీద? పైగా వడ్డీ తినేవాళ్లు సైతాన్ తాకి మతి చలించినవాళ్లలాగా లేస్తారని ఖురాన్ రెండో అధ్యాయంలోనే ఉంది కదా?

ఈ అభ్యంతరంలో సగం నిజముంది. జిన్నులున్నాయని ఇస్లాం నమ్ముతుంది. ఇబ్లీస్ జిన్నుల్లో వాడేనని పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది. జిన్ను ఆవహిస్తుందా లేదా అన్నదాని మీద ముస్లిం పండితులు ఏకమాట మీద లేరు. వడ్డీ వాక్యాన్ని అక్షరాలా తీసుకున్నవాళ్లున్నారు. అది అరబ్బుల నమ్మకాన్ని పట్టి చెప్పిన పోలిక అన్న జమఖ్షరీ ఉన్నాడు, ముఅతజిలీ అనే వేదాంత పక్షానికి చెందిన వ్యాఖ్యాత. అయితే దర్గా ముందు వేలాడుతున్న తాయెత్తులో తెలుగు దయ్యం వాటా ఎంత, జిన్ను వాటా ఎంత అని విడదీస్తే ఇబ్లీస్ వాటా దాదాపు ఏమీ మిగలదు. అకాలంలో చచ్చి తిరుగుతున్న మేనత్తో, చింతచెట్టు మీది ఆడదయ్యమో జాన్‌పహాడ్ దాకా వచ్చింది తెలుగు ఊరి నుంచి. సైదులు ఆమెను పంపించేశాడంటే అది ఊరికీ ఊరి దయ్యానికీ మధ్య తగాదా తీర్పు. ఆ తీర్పులో పాపం ప్రసక్తి లేదు. దయ్యం పట్టిన మనిషి తప్పు చేయలేదు, బాధపడింది. సైతాన్ మాట విన్న మనిషి తప్పు చేశాడు. వడ్డీ వాక్యంలో కూడా సైతాన్ తాకినవాడితో పోల్చింది పొలిమేర దాటి భయపడ్డ పిల్లను కాదు, వడ్డీకిచ్చి రొట్టె తినేవాడిని. దర్గాల మొక్కులే సైతాన్ ఉచ్చు అనే సంస్కరణవాద ముస్లింల వాదన మనకు ఇక్కడ వేరే విధంగా పనికొస్తుంది. వాళ్ల దృష్టిలో కూడా సైతాన్ రోగం కాదు, తప్పుదారి చూపించిన వాడు.

ఆ తప్పుదారి మనిషి లోపల ఎట్లా మొదలవుతుందో 1111లో చనిపోయిన ముస్లిం పండితుడు గజాలీ చెప్పాడు. తన పెద్ద గ్రంథంలో మనిషి గుండెను కోటతో పోల్చి, సైతాన్‌ను దాని మీద కన్నేసిన శత్రువుగా చూపించాడు. కోపం, కామం, అసూయ, పేరాశ, కడుపునిండా మెక్కడం ఆ కోట దర్వాజాలు. దేవరకొండ కోటో, భువనగిరి కోటో ఎక్కినవాళ్లకు ఈ పోలిక ఇట్టే అందుతుంది. అట్లాంటి రాతికోటలు ఫిరంగికే కాదు, లోపలివాడు తీసిన గడియకూ లొంగుతాయి. గుండె కోటలో ఆ లోపలివాడి పేరు నఫ్స్, అంటే మనిషి సొంత కోరికల మనసు. రంజాన్ నెలలో సైతాన్లకు సంకెళ్లు పడతాయని హదీసు ఉంది. మరి రంజాన్‌లోనూ దొంగతనాలు జరుగుతున్నాయి, తగాదాలూ జరుగుతున్నాయి, ఎందుకని? బోధకులు తరచూ ఇచ్చే జవాబుల్లో ఒకటి, నఫ్స్‌కు సంకెళ్లు లేవని. ఈ జవాబు తప్పించుకోవడంలా అనిపించొచ్చు గాని, దాని పర్యవసానం పెద్దది. సైతాన్‌ను కట్టేసినా మనిషి చెడగలడంటే, చెడుకు సైతాన్ తప్పనిసరి కాడన్నమాట.

అయితే ఇంత బలహీనుడికి గడువిచ్చింది దేవుడే కాబట్టి ఉచ్చు పన్నిందీ దేవుడే అని అడగొచ్చు. ముస్లింలు ఈ ప్రశ్నతో శతాబ్దాలు కుస్తీపట్టారు. మనిషి పనులకు మనిషే కర్త అన్నారు ముఅతజిలీలు. సృష్టించేది దేవుడు, సంపాదించుకునేది మనిషి అన్నారు 936 ప్రాంతంలో పోయిన అష్అరీ అనుయాయులు. ఎవరిది ఒప్పు అన్నది నాకు ముఖ్యం కాదు. పని ఎవరిదన్న ఆ వ్యాజ్యంలో దేవుడూ మనిషీ ఇద్దరే కక్షిదారులు. సైతాన్‌కు వాటా ఇవ్వాలని ఏ పక్షమూ అడగలేదు. సూఫీలు ఇంకా ముందుకు పోయారు. 922లో బాగ్దాద్‌లో చంపబడ్డ హల్లాజ్, 1131లో చంపబడ్డ ఐనుల్ ఖుజాత్ హమదానీ ఇబ్లీస్‌ను దేవుడు తప్ప వేరెవరికీ తలవంచని ప్రేమికుడిగా, ఆ ప్రేమకే శిక్షపడ్డవాడిగా చూశారు. ఇది మన గడపకు దూరపు ముచ్చట కాదు. ఆ హమదానీ రాసిన తమ్హీదాత్‌కు వ్యాఖ్యానం రాసినవాడు గుల్బర్గాలో ఉండి 1422లో పోయిన బందానవాజ్ గేసూదరాజ్. గుల్బర్గా ఉర్సుకు పాలమూరు నుంచి పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1273లో పోయిన రూమీ మస్నవీలో ఇబ్లీస్ ఖలీఫా ముఆవియాను నమాజుకు నిద్రలేపుతాడు. ఇదేమి వింత అని నిలదీస్తే, నమాజు తప్పిపోతే నీకు కలిగే పశ్చాత్తాపం వంద నమాజుల పెట్టు, అది నీకు దక్కకూడదని లేపానంటాడు. ప్రలోభం పుణ్యకార్యం వేషంలోనూ రాగలదన్న ఈ గమనిక ముందు కొమ్ములూ తోకా ఉన్న బొమ్మలు పిల్లల ఆటవస్తువులే. 1929 జనవరిలో కవి ఇక్బాల్ మద్రాసులో, ఆ తర్వాత మైసూరు, హైదరాబాదుల్లో ఉపన్యాసాలిచ్చాడు. వాటి నుంచి వచ్చిన పుస్తకంలో ఆదమ్ తొలి అవిధేయతను పతనంగా కాక, మనిషి తొలి స్వేచ్ఛా నిర్ణయంగా చదివాడు.

క్రైస్తవ సాతానును మరీ మొరటుగా గీస్తున్నావని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. యోబు కథలో సాతాను దేవుడి సభలో కూచునే అభియోగదారు, ఇబ్లీస్‌కు దగ్గరి చుట్టం. క్రైస్తవ వేదాంతం కూడా మనిషి బాధ్యతను సాతాను మీదికి నెట్టదు. తేడా పల్లెకు చేరిన రూపంలో ఉంది. కొత్త నిబంధనలో దయ్యాలను వెళ్లగొట్టే ఘట్టాలెన్నో. అవి మన దయ్యంతో ఇట్టే అతికాయి కాబట్టి చర్చి సాతాను ఒంట్లో దూరేవాడిగా స్థిరపడ్డాడు. సైతాన్ అట్లా అతకలేదనడానికి ఊరి వాడుకే సాక్ష్యం. అల్లరి చేసే పిల్లాణ్ని ‘సైతాన్ పోరడు’ అంటారు, కాస్త మురిపెంగానే. తెలివిగా బుట్టలో వేసేవాణ్నీ సైతాన్ అంటారు. ‘సాతాను పోరడు’ అని ఎవరూ అనరు. వాడుక మాట వేదాంతానికి రుజువు కాదు, నిజమే. ఉర్దూలో కూడా ఇదే వాడుక ఉంది కాబట్టి తెలుగువాడి సొంత కనిపెట్టుడూ కాదు. అయినా, ఊరి చెవి పట్టుకున్నది కొంటె తెలివినీ మాటకారితనాన్నీ. పూనకాన్ని దయ్యానికి వదిలేసింది.

హజ్‌లో మినా దగ్గర రాళ్లు రువ్వే తంతును మన పత్రికలు ‘సైతాన్‌ను కొట్టడం’ అని రాస్తాయి. మూడుచోట్లా నిలబెట్టినవి గుర్తులే. 2004లో స్తంభాల స్థానంలో పొడవాటి గోడలు కట్టినప్పుడు సైతాన్‌కేమీ ఇబ్బంది కలగలేదు. యాత్రికుడు విసిరే 49 రాళ్లు, మూడురోజులకు మించి ఆగితే 70, ఇబ్రహీం తన ప్రలోభానికి చెప్పిన ‘కాదు’కు జ్ఞాపకం.

ఈ నేల మీద ప్రలోభం గురించి చెప్పే ఇస్లామీ కథ అంటే దర్గాలకంటే ముందు పీర్ల పండుగనే తలుచుకోవాలి. కులమతాలు లేకుండా ఊరంతా గుండం చుట్టూ చేరే ఆ పండుగ వెనక ఉన్నది 680 నాటి కర్బలా యుద్ధం. చరిత్రకారుడు తబరీ చెప్పినదాని ప్రకారం, ప్రవక్త మనవడు హుస్సేన్ మీదికి దండు నడిపిన ఉమర్ బిన్ సాద్‌కు రయ్ ప్రాంతపు గవర్నరు గిరీ ఆశ చూపారు. అతను వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచించుకోవడానికి గడువు అడిగాడు. వద్దని అయినవాళ్లు చెప్పారు. అంతా తెలిసి తెల్లారి కదిలాడు. అదే దండులో హుస్సేన్ దారిని మొదట అడ్డగించిన హుర్ర్, యుద్ధం మొదలయ్యే ముందు గుర్రం తిప్పి అవతలి పక్షానికి పోయి అక్కడే చచ్చిపోయాడు. ఇద్దరి చెవుల్లోనూ ఒకే గుసగుస పడింది. ఉమర్‌ను సైతాన్ నెట్టాడని చెప్పి ఆ కథనం చేతులు దులుపుకోదు. ఉమర్‌కు రయ్ దక్కలేదు. 686లో కూఫాలో ముఖ్తార్ మనుషుల చేతిలో చచ్చాడు. ఊరు తలుచుకునేది మాత్రం సైతాన్‌ను కాదు: పీర్ల కొట్టంలో దట్టీలు కట్టించుకుని నిలబడే పీర్లలో హసన్, హుస్సేన్, ఖాసీం పేర్లున్నాయి.