‘చరణ్‌దాస్ చోర్’ ఎవరి నాటకం? భిలాయ్‌లో మొదలైన ఒక ప్రదర్శన వెనుక మనుషులు

హబీబ్ తన్వీర్ పేరు చెప్పగానే గుర్తొచ్చే నాటకం ‘చరణ్‌దాస్ చోర్’. అది మొదట జనం ముందుకు వచ్చింది ఢిల్లీ ఆడిటోరియంలో కాదు, భిలాయ్‌లోని ఒక బహిరంగ మైదానంలో. 1974లో అక్కడ తన్వీర్ జానపద కళాకారులతో ఒక శిబిరం నిర్వహించారు. దాని చివర్లో, ఇంకా పూర్తికాని నాటకాన్ని ‘చోర్ చోర్’ పేరుతో ఆడించారు. చూడటానికి వచ్చినవారిలో ఎక్కువమంది సత్నామీలు. నాటకానికి ‘చరణ్‌దాస్ చోర్’ అన్న పేరు, ఇప్పుడు మనకు తెలిసిన రూపం 1975 నాటికి వచ్చాయి. 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ‘ఫ్రింజ్ ఫస్ట్’ పురస్కారం దక్కింది. రచన, దర్శకత్వం హబీబ్ తన్వీర్ అని పోస్టర్ మీద ఉంటుంది. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

భిలాయ్ అంటే చాలామందికి ఉక్కు కర్మాగారమే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. నంబర్లు వేసిన సెక్టార్లతో టౌన్‌షిప్ లేచింది. దేశం నలుమూలల నుంచీ ఉద్యోగులు వచ్చారు, వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. సుపేలా ఈ సెక్టార్ల లెక్కలోకి రాని భిలాయ్. జీఈ రోడ్డు మీది ఆ బజారుకు క్వార్టర్లలో ఉండేవాళ్లూ వస్తారు, చుట్టుపక్కల పల్లెలవాళ్లూ వస్తారు. ప్లాంటు హిందీ, పల్లె ఛత్తీస్‌గఢీ అక్కడ పక్కపక్కనే వినిపిస్తాయి. తన్వీర్ శిబిరానికి కావలసిన మనుషులు ఆ పల్లెల్లోనే ఉన్నారు.

కథ రాజస్థాన్‌ది

నాటకానికి మూలం రాజస్థానీ రచయిత విజయ్‌దాన్ దేథా చెప్పిన జానపద కథ. దేథా బోరుందా గ్రామంలో ఉండి, ఊరి జనం నోట విన్న కథలను తిరగరాసి ప్రచురించారు. అంటే కథ తన్వీర్ దాకా రావడానికి ముందే పేరు తెలియని ఎందరో దాన్ని చెప్పుకున్నారు.

ఒక దొంగ గురువు ముందు వేళాకోళంగా నాలుగు ఒట్లు పెట్టుకుంటాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజ్యం ఏలను అంటాడు. దొంగకు ఇవన్నీ ఎలాగూ దక్కవు కాబట్టి ఒట్టు పెట్టడానికి ఖర్చేమీ లేదు. గురువు మాత్రం అయిదోది తగిలిస్తాడు: అబద్ధం ఆడకూడదు. తర్వాత ఆ నాలుగూ ఒక్కొక్కటే అతని గుమ్మం ముందుకు వస్తాయి. మాట తప్పనందుకు దొంగ ప్రాణం పోతుంది. ఈ కథకు తన్వీర్ తనదైన ముగింపు ఇచ్చుకున్నారు.

నటులు చదువుకోలేదు, నాటకం కట్టారు

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ‘నాచా’ రాత్రంతా సాగే ఆట. పాట, నృత్యం, హాస్య సన్నివేశాలు కలిసి ఉంటాయి. రాసిపెట్టిన ప్రతి ఉండదు. మగవాళ్లే ఆడవేషం కడతారు. మన వీధి భాగవతం, పగటివేషాలు చూసినవారికి ఆ పద్ధతి కొత్తగా అనిపించదు. రవేలీ గ్రామానికి చెందిన దావూ మందరాజీ నాచా బృందం పేరు మోసింది. మదన్ నిషాద్, లాలూరామ్, ఠాకూర్‌రామ్, భుల్వారామ్ లాంటి నటులు నాచా నుంచే తన్వీర్ దగ్గరికి వచ్చారు.

రాయ్‌పుర్‌లో పుట్టిన తన్వీర్ లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమటిక్ ఆర్ట్‌లో చదివారు. తిరిగొచ్చాక 1958లో ఆరుగురు నాచా కళాకారులను ఢిల్లీకి తీసుకెళ్లి ‘మృచ్ఛకటికం’ హిందీ రూపం ‘మిట్టీ కీ గాడీ’లో నటింపజేశారు. పల్లెలో వేల మందిని నవ్వించేవాళ్లు అక్కడ బిగుసుకుపోయారు. హిందీ సంభాషణలు, ఇక్కడ నిలబడు, అటు నడువు అన్న సూచనలు వారి ఆటను కట్టేశాయని, అది గ్రహించడానికి తనకు చాలా ఏళ్లు పట్టిందని తర్వాత తన్వీరే చెప్పుకున్నారు. 1970ల మొదట్లో పద్ధతి మారింది. నటులు తమ ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడారు. సన్నివేశం ఇస్తే మాటలు వాళ్లే పుట్టించేవారు, పనికొచ్చినవి తన్వీర్ ఏరి కూర్చేవారు. 1973లో రాయ్‌పుర్ నాచా శిబిరంలో తయారైన ‘గావ్ కే నావ్ ససురాల్, మోర్ నావ్ దామాద్’ ఇలా వచ్చిందే. భిలాయ్ శిబిరం జరిగింది ఆ మరుసటి ఏడాది.

మరి రచయిత ఎవరు? అచ్చయిన పుస్తకంలో కనిపించే హాస్యపు మాటల్లో ఎన్ని నటుల నోట పుట్టాయో ఇప్పుడు విడదీయడం కుదరదు. ఏరేవాడు లేకపోతే అవి ఏ రాత్రికారాత్రి గాలిలో కలిసిపోయేవన్నదీ అంతే నిజం.

పాటల సంగతి వేరు, అక్కడ పేర్లు మిగిలాయి. చరణ్‌దాస్ చోర్ పాటలు రాసినవారు స్వర్ణకుమార్ సాహూ, గంగారామ్ సఖేత్. ఈ గంగారామ్ రాసిన ‘చోలా మాటీ కే’ను తన్వీర్ కూతురు నగీన్ తన్వీర్ పాడగా, 2010లో వచ్చిన ‘పీప్లీ లైవ్’ సినిమా దాన్ని దేశమంతటికీ వినిపించింది. ఆ పాటను ఇష్టపడినవారిలో ఎంతమంది గంగారామ్ పేరు విని ఉంటారన్నది అనుమానమే.

స్త్రీ పాత్రల విషయంలో తన్వీర్ నాచా ఆచారాన్ని దాటారు. దేవార్ అనే సంచార గాయక సమాజం నుంచి ఫిదాబాయి, మాలాబాయి లాంటి గాయనులు నయా థియేటర్‌లోకి వచ్చారు. దొంగను పెళ్లాడమని అడిగే రాణిగా ఫిదాబాయి పేరు తెచ్చుకున్నారు. 1959లో తన్వీర్‌తో కలిసి ఈ సంస్థను స్థాపించి, దశాబ్దాల పాటు నడిపినవారు ఆయన భార్య మోనికా మిశ్రా. ఆమె స్వయంగా రంగస్థల దర్శకురాలు. నాటక చరిత్రలు ఆమెకు తరచూ ఒక్క వాక్యంతో సరిపెడతాయి.

సత్నామీల వాటా

ఈ నాటకంలో అన్నిటికన్నా చిక్కయిన భాగస్వామ్యం సత్నామీలది. 1756లో గిరౌద్‌పురిలో పుట్టిన గురు ఘాసీదాస్ అంటరానివారిగా చూడబడిన జనానికి సత్యమే దేవుడని బోధించారు. ఆయన అనుచరుల నృత్యం ‘పంథీ’. తెల్ల జెండా ఎగిరే జైత్‌ఖామ్ అనే స్తంభం చుట్టూ, మాందర్ దరువుకు, ఝాంజ్ తాళానికి నెమ్మదిగా మొదలై ఊపిరాడనంత వేగం అందుకుంటుంది. ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు. దేవదాస్ బంజారే బృందం పంథీని విదేశాల దాకా తీసుకెళ్లింది.

అబద్ధమాడని దొంగ కథకు సత్యాన్ని కొలిచే సమాజపు పాట, ఆట తోడయ్యాయి. అది అలంకారంగా కాదు, నాటకానికి వెన్నెముకగా కుదిరింది. పంథీని తీసేస్తే చరణ్‌దాస్ ఒక చమత్కారపు దొంగగా మిగులుతాడు. పంథీ మధ్యన నిలబెడితే అమరుడవుతాడు.

2009 జూన్ 8న తన్వీర్ భోపాల్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత కొద్దికాలానికే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఈ నాటక పుస్తకంపై నిషేధం విధించింది. పాఠశాలల పుస్తక పఠన కార్యక్రమంలో దాన్ని చేర్చగా, కొన్ని మాటలు తమ గురువునూ సమాజాన్నీ కించపరుస్తున్నాయని సత్నామీ పెద్దలు అభ్యంతరం చెప్పారు. రచయితలు, రంగస్థల కళాకారులు దేశవ్యాప్తంగా నిరసించారు. మూడు దశాబ్దాలకు పైగా ఆడుతున్న నాటకాన్ని అలా ఆపడం తప్పే. అయితే ఆ చర్చ చాలావరకు ‘తన్వీర్ నాటకం’ చుట్టూనే తిరిగింది. తొలి ప్రదర్శన చూసి మెచ్చినవారు, నాటకానికి ఆటా పాటా ఇచ్చినవారు సత్నామీలే. వారికి ఆ నాటకం మీద హక్కులాంటిది ఏదైనా ఉందా, ఉంటే ఎంతవరకు అన్నది ఎవరూ గట్టిగా అడగలేదు.

తంబూర ఒకరిది, ‘హౌ’ ఇంకొకరిది

భిలాయ్‌కి దగ్గరలోని గనియారీ గ్రామం పండ్వానీ కళాకారిణి తీజన్ బాయిది. పండ్వానీ అంటే మహాభారత కథాగానం. కూర్చుని పాడేది వేదమతి, నిలబడి అభినయంతో చెప్పేది కాపాలిక్. ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న రోజుల్లో తీజన్ నిలబడి పాడారు. పార్ధీ సమాజం ఆమెను వెలివేసింది. ఆమె చేతిలోని తంబూర ఒక క్షణం భీముడి గద, మరుక్షణం అర్జునుడి విల్లు.

అయితే ఆ క్షణాల మధ్య కథను నిలబెట్టేది పక్కన ఉండే ‘రాగీ’. మాట మాటకూ ‘హౌ’ అంటూ ఊకొడతాడు, ప్రేక్షకుల తరఫున ప్రశ్న వేస్తాడు, పల్లవి అందుకుంటాడు. బుర్రకథలో రాజకీయ వంత, హాస్య వంత చేసే పనిని ఇక్కడ ఇతనొక్కడే చేస్తాడు. హార్మోనియం, తబలా, ఢోలక్, మంజీరా వాయించేవాళ్లు వెనక ఉంటారు. వంతలు లేని బుర్రకథ ఉపన్యాసమైనట్టే, రాగీ లేని పండ్వానీ ఏకపాత్రాభినయం అయిపోతుంది. పద్మశ్రీ నుంచి 2019లో పద్మవిభూషణ్ దాకా పురస్కారాలు మాత్రం ఒక్కరి పేరు మీదే వస్తాయి. వాటి తయారీయే అలాంటిది.

ఇక్కడ ఇంకో భాగస్వామి కూడా ఉంది, అది భిలాయ్ ఉక్కు కర్మాగారం. తీజన్ బాయికి అందులో ఉద్యోగం ఇచ్చారు. ప్రదర్శనలు లేని నెలలోనూ జీతం వచ్చే ఏర్పాటు అది. తంబూర పట్టినవారిలో అలాంటి భరోసా ఉన్నవారు అరుదు, వెనక కూర్చున్నవారిలో ఇంకా అరుదు.

పేరు ఎక్కడ రాస్తారు?

ఈ అలవాటు ఛత్తీస్‌గఢ్‌ది మాత్రమే కాదు. వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు భుజంగరాయశర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం ఎంత ప్రాణమో ఆ తరం రసికులకు తెలుసు. అయినా ‘వెంపటి వారి బ్యాలే’ అనే అంటారు. చెన్నైలో చంద్రలేఖ 1985లో ‘అంగిక’ చేసినప్పుడు భరతనాట్యం వారి పక్కన కలరిపయట్టు యోధులు వేదికెక్కారు. ఆమె పనిని సదానంద్ మీనన్ వెలుతురు లేకుండా ఊహించుకోవడం కష్టం. ఇప్పటి సమకాలీన నృత్య బృందాలు లైటింగ్, ధ్వని, దుస్తులు, కథా పరిశోధన చేసినవారి పేర్లన్నీ ప్రోగ్రామ్ కాగితంలో వేస్తున్నాయి. నృత్యకారులను సహ రూపకర్తలుగా రాసేవాళ్లూ ఉన్నారు. కాగితమే లేని నాచాలో ఆ వీలు లేదు. జ్ఞాపకం ఉంచుకుంటే పేరు ఉంటుంది, లేకపోతే పోతుంది.

భిలాయ్ వాడే అయిన ఓంకార్‌దాస్ మాణిక్‌పురి నయా థియేటర్‌లో చాలాకాలం పనిచేసి, ‘పీప్లీ లైవ్’లో నత్థా అనే రైతు పాత్రతో దేశానికి తెలిశారు. సినిమా టైటిళ్లలో పేరు పడింది కాబట్టి పత్రికలు వెతుక్కుంటూ భిలాయ్ వచ్చాయి. అదే సంస్థలో చరణ్‌దాస్‌గా ఏళ్ల తరబడి ఆడిన గోవిందరామ్ నిర్మల్కర్‌కు 2009లో పద్మశ్రీ వచ్చింది. 2014లో మరణించే నాటికి ఆయన ఆర్థిక ఇబ్బందుల గురించి పత్రికల్లో పలుమార్లు వచ్చింది.