అటక, ఉట్టి, మంచుపెట్టె

పెరటి కూరగాయలను నిలువచేయు విద్య మన గోదావరి సీమలో మంచుతో పుట్టలేదు. గాలితోను, ఎండతోను పుట్టినది. 1832–33 నాటి నందన కరువున రాజమహేంద్రవర మండలము అల్లాడినది. పచ్చికూర దొరకని దినములలో ఇంటిని ఆదుకొనునవి వరుగులే. మన పెద్దలు గుమ్మడిని దూలమునకు వ్రేలాడదీసిరి. కందను నీడన ఆరబెట్టి దాచిరి. వంకాయ, గోరుచిక్కుడు ముక్కలను ఎండబెట్టిరి.

ఆ 1833లోనే అమెరికా మంచుగడ్డలు ఓడపై కలకత్తా చేరినవి. 1842లో మదరాసున మంచు నిలువకు ఒక భవనమే లేచినది. అది దొరల పానీయములకే గాని మన పెరటి కూరలకు కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై డెల్టా పచ్చబడినది. 1958లో గోద్రెజ్ వారు రిఫ్రిజిరేటరు తయారుచేసిరి. క్రమముగా అది మన వంటయింటికిని వచ్చినది.

అయినను పాతవిద్య చెల్లిపోలేదు. వంకాయను, దోసను పది డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువ కొన్నాళ్లుంచినచో చలిదెబ్బ తగులును. తొక్క గుంటలు పడును, వంకాయ గింజలు నల్లబడును. ఆకుకూరకు మాత్రము చల్లదనము మేలు. 1996 నవంబరు తుపానున కోనసీమ చీకటి పాలైనది. అట్టి దినములలో పెట్టె వట్టి బీరువాయే. దూలమున నున్న గుమ్మడికి కరెంటు తీగతో పనిలేదు. ఏది పెట్టెలోనిదో, ఏది ఉట్టి మీదిదో మనము మరువరాదు.