పేదింటి గిన్నెలో నీలం

జపాన్ నీలి పింగాణీ అనగానే ఎవరైనా అరిటా పేరే చెబుతారు. క్యూషూ దీవిలోని ఆ ఊరి పక్కన, ఇజుమియామా కొండలోనే జపాన్‌లో మొదటిసారిగా తెల్ల పింగాణీకి పనికొచ్చే రాయి దొరికింది. దాన్ని గుర్తించినవాడు యీ సామ్‌ప్యాంగ్ అనీ, అది 1616లో జరిగిందనీ అక్కడివారి నమ్మకం. 1592-98 యుద్ధాల్లో కొరియా నుంచి జపాన్ ప్రభువులు పట్టి తెచ్చిన కుమ్మరుల్లో ఆయన ఒకడు. సొంత గడ్డకు దూరమైన మనుషుల చేతుల్లో ఈ పని మొదలైందన్న సంగతిని ఎంత అందమైన పళ్లెం ముందైనా మరిచిపోకూడదు.

1644లో చైనాలో మింగ్ వంశం కూలింది. ఆ కల్లోలంలో అక్కడి బట్టీల సరుకు బయటికి రావడం తగ్గిపోయింది. డచ్ ఈస్టిండియా కంపెనీ అరిటా వైపు చూసింది. 1659లో 50 వేలకు పైగా పాత్రలకు ఒకేసారి ఆర్డరిచ్చింది. ఇమారి రేవు నుంచి ఓడలెక్కడంతో ఆ పేరే సరుకుకు స్థిరపడింది. నాలుగు దశాబ్దాలు తిరగకముందే చైనా బట్టీలు మళ్లీ రాజుకున్నాయి, విదేశీ గిరాకీ సన్నగిల్లింది.

అసలు కథ ఇక్కడే మొదలైందని చెప్పాలి. అరిటా పొరుగునే ఉన్న హసామీ, సొంత దేశపు సామాన్యుల కోసం గిన్నెలు చేయడం మీద పడింది. కొండవాలు వెంట మెట్లుమెట్లుగా పాకిన అక్కడి బట్టీల్లో కొన్ని 150 మీటర్లు దాటేవి. ఒక్క కాల్పులో వేల పాత్రలు దిగితే ధర దానంతటదే తగ్గుతుంది.

ఈ గిన్నెలకు కురవాంకా అని పేరు. క్యోటో, ఒసాకాల మధ్య యోదో నదిలో ప్రయాణికుల పడవల పక్కకు చేరి ఇలాంటి గిన్నెల్లో అన్నం, సాకే మద్యం అమ్మిన చిన్న పడవల పేరది. గిన్నె చేతిలోకి తీసుకుంటే ముందు బరువు తెలుస్తుంది. గోడలు మందం, తెలుపులో కాస్త బూడిద రంగు. నాలుగు గీతల్లో ముగించిన పూలకొమ్మ. కొన్నింటి లోపల అడుగున మెరుపు పూత లేని వలయం కనిపిస్తుంది: కాల్చేటప్పుడు ఒకదానిలో ఒకటి పేర్చడానికి అక్కడ పూత తీసేసేవారు. వెనక్కి తిప్పితే మింగ్ కాలపు చైనా ముద్ర. రాసీ రాసీ అరిగిపోయి, అక్షరాలు గిలుకుడుగా మారిపోయి ఉంటుంది. రోజంతా అదే గీత గీసిన మనిషి చేతి వేగం అందులో దాగదు. రాజులకు చేసిన పళ్లేల్లో లేని ప్రాణం ఈ తొందరలోనే ఉంది.

అయినా ఇవి చౌకగా పారేసే వస్తువులు కావు. పగిలితే సీసం కలిసిన గాజుపొడితో అతికి మళ్లీ కాల్చేవాళ్లు పట్టణాల్లో ఉండేవారు. ఎవరి పాత్రో తెలిసేందుకు అడుగున ఎర్రగా గుర్తు రాసేవారు. అలాంటి అతుకుల గిన్నెలు నేటికీ దొరుకుతాయి.

1870లో జర్మన్ రసాయనవేత్త గాట్‌ఫ్రీడ్ వాగెనర్ అరిటా వచ్చి, కృత్రిమ కోబాల్ట్ వాడకం నేర్పాడు. చైనా నుంచి తెచ్చుకున్న పాత రంగు బూడిద కలిసిన మెత్తని నీలం. కొత్తది కళ్లు చెదిరే నీలం, పైగా చౌక. త్వరలోనే కుంచె స్థానంలో కత్తిరించిన కాగితపు అచ్చులు వచ్చాయి. పాత పాత్రలు కొనేవాళ్లు కాలం పోల్చుకోవడానికి ఇప్పటికీ మొదట చూసేది ఆ నీలాన్నే.